మాట్లాడే వంతు ఎవరిది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతి వేసవిలోనూ వికారాబాద్ జిల్లా గురించి ఒకే మాట వినబడుతోంది. 2023లో ఉత్తీర్ణత 59.46 శాతం, 2024లో 65.10, 2025లో 73.97. శాతం పెరుగుతూ వచ్చింది, స్థానం మాత్రం మూడేళ్ళూ రాష్ట్రంలో ఆఖరిదే. ఫలితం చెప్పిన నోటితోనే మందు కూడా చెబుతారు. వెనుకబడిన జిల్లా, కర్ణాటక సరిహద్దు మండలాలు, చదువు రాని తల్లిదండ్రులు. కాబట్టి డిజిటల్ తరగతులు పెంచాలి, పాత పద్ధతి పాఠాలు మాని పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టాలి, ముఖ్యంగా తెలుగు, ఇంగ్లీషు పీరియడ్లలో. సమీక్షా సమావేశాల్లో ఇదే మాట, శిక్షణ తరగతుల్లో ఇదే మాట, పత్రికల్లోనూ ఇదే. ఈ అభిప్రాయం ఎంతగా పాతుకుపోయిందంటే, దాన్ని ప్రశ్నించేవాడు పేదపిల్లల ఎదుగుదలకు అడ్డుపడేవాడిగా కనిపిస్తాడు.

అయినా ప్రశ్నించాలి. ఆ సరిహద్దు మండలాల్లో ఒకటైన బషీరాబాద్‌ను ఎదురుగా పెట్టుకొని మరీ ప్రశ్నించాలి. ఎందుకంటే ఈ అభిప్రాయంలోని పొరపాటు ఇక్కడ కనబడినంత తేటగా హైదరాబాద్‌లో కనబడదు.

నా వాదన మొదటే చెబుతాను. భాషా పాఠంలో తెరకూ చోటుంది, గ్రూప్ వర్క్‌కూ చోటుంది. కానీ తెర పెట్టినంత మాత్రాన, బెంచీలు తిప్పి నలుగుర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టినంత మాత్రాన భాష రాదు. చెప్పాల్సిన సంగతి ఒకటి పిల్లవాడి దగ్గర ఉండాలి, ఆ సంగతి తెలియని మనిషి ఎదుట ఉండాలి, చెప్పే వంతు వాడికి రావాలి. ఇప్పుడు మనం పెడుతున్న తెరలు ఆ వంతును లాగేసుకుంటున్నాయి. మనం చేయిస్తున్న గ్రూప్ వర్క్ దాన్ని ఒక్కరి చేతిలో పెట్టి మిగతా ముగ్గురి నోళ్ళు మూయిస్తోంది.

ముందు ఈ నేల సంగతి. బషీరాబాద్ పరిసరాల్లోని తాండూరు, కొడంగల్ తాలూకాలు 1956 దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఇటు వచ్చాయి. గీత మారింది గానీ మనుషులు మారలేదు. కాగ్నా నది ఇటునుంచి వెళ్ళి, ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని అయిన మల్ఖేడ్ పక్కగా పారి భీమలో కలుస్తుంది. కన్నడంలో మనకు దొరుకుతున్న మొదటి లక్షణ గ్రంథం కవిరాజమార్గం తొమ్మిదో శతాబ్దంలో పుట్టింది ఆ రాష్ట్రకూట అమోఘవర్షుడి కొలువులోనే. బషీరాబాద్ నుంచి కర్ణాటకలోని సేడం వైపు పెళ్ళి సంబంధాలు ఉన్నాయి, సంతలు ఉన్నాయి. ఇక్కడి ఇళ్ళలో కన్నడం ఉంది, ఉర్దూ ఉంది, తండాల్లో లంబాడీ ఉంది. తెలుగు కూడా ఈ మూడింటి వాసన తగిలిన తెలుగు. పదేళ్ళ పిల్ల ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు, కిరాణా దుకాణంలో ఉర్దూ, మేనత్త ఊరికి పోతే కన్నడం మాట్లాడటం ఇక్కడ వింత కాదు. ఆ పిల్లనే బడిలో ‘భాష రాని పిల్ల’ అంటున్నాం.

2022–23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చినప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. మంచి ఆలోచనే. కానీ తండా నుంచి వచ్చే పిల్లకు ఆ రెండు పేజీల్లో ఏదీ ఇంటి భాష కాదు. రాజస్థానీకి దగ్గరి చుట్టమైన లంబాడీకి తెలుగుతో ఏ చుట్టరికమూ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు వాటిలో బంజారా భాష కూడా ఉంది. అంటే సమస్య ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. ఆ దారిని వదిలేసి ఇప్పుడు అదే పిల్ల ముందు తెర పెట్టి, శిష్ట తెలుగులోనో ఇంగ్లీషులోనో రికార్డు చేసిన పాఠం వినిపించి, నేర్చుకోమంటున్నాం.

తెర మీద ఆశ మనకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్–6 ఉపగ్రహం ఆసరాతో దేశంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, కర్ణాటక ఉంది. పొరుగునే ఉన్న గుల్బర్గా జిల్లా పల్లెలూ ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం వెళ్ళిపోయింది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. ఏజెన్సీలతో ఒప్పందం అయిదేళ్ళు. గడువు తీరాక బోధకులు పోయారు, యంత్రాలు గదుల్లో దుమ్ముపట్టి మిగిలాయి. 2020 సెప్టెంబరులో కోవిడ్ వేళ టీ–శాట్ టీవీ చానెల్లో పాఠాలు. 2023లో ఉన్నత పాఠశాలలకు పెద్ద పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్ళు. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో భాష, గణితం నేర్పే కార్యక్రమం మొదలైంది. మొదటగా ఎంచుకున్న ఆరు జిల్లాల్లో వికారాబాద్ ఒకటి.

యాభై ఏళ్ళ ఈ వరసలో యంత్రం మారుతూ వచ్చింది, పిల్లవాడు కూర్చున్న చోటు మారలేదు. యంత్రం చెబుతుంది, వాడు వింటాడు. కోవిడ్ కాలంలో బడులు మూసి ఉన్నప్పుడు అంతకన్నా గత్యంతరం లేదు, ఆ పాఠాలు తయారుచేసిన ఉపాధ్యాయుల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ బడి తెరిచి, నలభై మంది పిల్లలు ఒక గదిలో కూర్చుని ఉన్నప్పుడు కూడా అదే ఏర్పాటును కొనసాగించి దాన్ని ప్రగతి అంటే ఒప్పుకోను.

కొంచెం లెక్క వేద్దాం. పీరియడు నలభై అయిదు నిమిషాలు. హాజరుకూ సర్దుకోవడానికీ అయిదు పోతే నలభై. పిల్లలు నలభై మంది. ఉపాధ్యాయుడు ఒక్క మాట మాట్లాడకుండా మొత్తం సమయాన్ని పంచి ఇచ్చినా తలా ఒక్క నిమిషం. అందులో ప్యానెల్ మీద వీడియో అరగంట నడిస్తే తలా పదిహేను సెకన్లు. భాష మాట్లాడుతుంటే వస్తుందని అందరమూ ఒప్పుకుంటాం కదా! మరి పదిహేను సెకన్లలో ఏ భాష వస్తుంది? ఈ లెక్క గ్రూప్ వర్క్ వైపే మొగ్గుతుందని నాకు తెలుసు. నలుగురేసి పది జట్లు చేస్తే అదే నలభై నిమిషాల్లో ప్రతి పిల్లకూ పది నిమిషాల వంతు వస్తుంది. గ్రూప్ వర్క్‌కు ఇంతకు మించిన సమర్థన అక్కర్లేదు. దాన్ని మనం ఎలా పాడుచేసుకున్నామో తర్వాత చెబుతాను.

ముందు అవతలి పక్షం చేతిలోని బలమైన సాక్ష్యాలు చూడాలి. వాటిని దాటవేసి వాదించడం నాకు ఇష్టం లేదు.

మొదటిది మన హైదరాబాద్‌దే. ‘గోడలో కంప్యూటర్’ ప్రయోగంతో ప్రపంచానికి తెలిసిన సుగత మిత్ర, జేమ్స్ టూలీ మొదలైనవారు అక్కడి ఒక బస్తీ బడిలో 16 మంది పిల్లలకు మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు ఇచ్చారు. పాఠం చెప్పేవాళ్ళు లేరు. పిల్లలు చిన్న జట్లుగా కూర్చుని యంత్రం తమ మాటను సరిగ్గా పట్టుకునేదాకా పలికి చూసుకున్నారు. కొన్ని నెలల్లో ఉచ్చారణ మెరుగుపడిందని 2003లో ప్రచురించారు. తెర, గ్రూపు రెండూ కలిసి గెలిచిన కథగా దీన్ని చెబుతుంటారు. నేను ఆ ఫలితాన్ని కాదనను. కానీ అక్కడ కొలిచింది ఉచ్చారణ. యంత్రానికి అర్థమయ్యేలా పలకడం వేరు, మనసులో ఉన్న సంగతిని వాక్యంగా కట్టి ఎదుటివాడి ముందు పెట్టడం వేరు. పైగా ఆ 16 మంది పిల్లలు వినడానికి కూర్చోలేదు. మాట్లాడటానికి కూర్చున్నారు. ఆ ప్రయోగం చెప్పే పాఠం ఏదైనా ఉంటే అది మన ప్యానెళ్ళకు వ్యతిరేకమైన పాఠమే.

రెండోది ఇంకా గట్టిది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే కంప్యూటర్ బోధన కేంద్రాలపై చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. లాటరీలో అవకాశం వచ్చిన పిల్లలు నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ రాని పిల్లలకన్నా స్పష్టంగా ముందుకు వెళ్ళారు. టెక్నాలజీ పనిచేస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలంటారు. కానీ ఆ కేంద్రాల్లో జరిగిందేమిటో చూడండి. తొంభై నిమిషాల్లో సగం కంప్యూటర్ ముందు, మిగతా సగం పన్నెండు పదిహేను మంది పిల్లల చిన్న గ్రూపులో, ఒక బోధకుడితో. కంప్యూటర్ కూడా ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఎనిమిదో తరగతి పాఠం చూపించలేదు. వాడు నిజంగా ఎక్కడున్నాడో కనిపెట్టి అక్కడినుంచి మొదలుపెట్టింది. బషీరాబాద్ ఉన్నత పాఠశాల గదిలో గోడకు బిగించిన ప్యానెల్ చేసేది దీనికి పూర్తిగా ఎదురు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లకూ ధారాళంగా చదివే పిల్లకూ అది ఒకే పాఠాన్ని ఒకే వేగంతో చూపిస్తుంది. ఢిల్లీ ఫలితాన్ని తెచ్చి గోడ మీది ప్యానెల్‌కు సర్టిఫికెట్‌గా అంటించడం న్యాయం కాదు.

కృత్రిమ మేధ ఈ లోపాన్ని సరిదిద్దుతుందని ఇప్పుడు చెబుతున్నారు. పిల్లల స్థాయిని బట్టి అభ్యాసాలు ఇవ్వగలదు, నిజమే. అక్షరాలు, గుణింతాలు, చదవడం సాధన చేయడానికి పనికొస్తుంది, దాన్ని వాడండి. అయితే దానికి భాషా పాఠం అని పేరు పెట్టి చేతులు దులుపుకోకండి. యంత్రానికి పిల్లవాడు చెప్పే కబురు అక్కర్లేదు. నిన్న రాత్రి తండాలో ఏం జరిగిందో దానికి తెలుసుకోవాలని ఉండదు. ఆ సంగతి పిల్లలు పెద్దవాళ్ళకన్నా త్వరగా పసిగడతారు. అవసరం లేని చోట ఎవరూ మాటను వెతుక్కోరు.

ఇక గ్రూప్ వర్క్. మన పాఠ్యపుస్తకాల్లో లోపం లేదు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 తర్వాత వచ్చిన పుస్తకాల్లో ‘జట్లలో చర్చించండి’ అన్నది పేజీ పేజీకీ ఉంది. తెలుగు వాచకంలో ‘విని, ఆలోచించి మాట్లాడటం’ ఉంది, ‘ప్రాజెక్టు పని’ ఉంది. అయితే పదో తరగతిలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి. ఆ 80లో పిల్ల నోరు తెరవాల్సిన అవసరం ఒక్కచోటా లేదు. అందువల్ల ‘చర్చించండి’ అన్న ప్రశ్నకు జవాబు గైడులో దొరుకుతుంది. గ్రూపులో చేతిరాత బాగున్న ఒక్క పిల్ల దాన్ని ఎక్కిస్తుంది, ముగ్గురు చూసి రాసుకుంటారు. ప్రాజెక్టు జిరాక్స్ షాపులో తయారవుతుంది. రిజిస్టరులో నలుగురికీ మార్కులు పడతాయి. దీన్ని చూసి పాతకాలం పంతుళ్ళు గ్రూప్ వర్క్ అంటేనే గోల అంటారు. కొత్తకాలం శిక్షకులు అద్భుతం అంటారు. ఇద్దరూ చూడనిది ఒకటే. ఆ నలుగురి మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. అందరి చేతిలో అదే పుస్తకం, అదే పేజీ, అదే జవాబు.

గ్రూప్ వర్క్‌పై లోతైన అభ్యంతరం వేరే చోటునుంచి వచ్చింది, అదీ మన దక్షిణాదినుంచే. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు బెంగళూరు, మద్రాసు ప్రాంతపు మామూలు బడుల్లో ఇంగ్లీషు బోధనపై ఒక ప్రయోగం నడిపారు. ‘బెంగళూరు ప్రాజెక్టు’ అని దానికి పేరు. వ్యాకరణ సూత్రాలు పక్కన పెట్టి రైలు టైంటేబుళ్ళు, పటాలు, దూరాల లెక్కలు ఇచ్చి పిల్లల చేత ఆలోచింపజేశారు. ఈనాడు ప్రపంచమంతా చెప్పుకునే టాస్క్ పద్ధతికి మూలాల్లో అదొకటి. అక్కడ ఉన్న సామగ్రి నల్లబల్ల, సుద్దముక్క. అదే ప్రభు గ్రూప్ వర్క్ వద్దన్నారు. భాష సరిగా రాని పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటే ఒకరి తప్పులు ఒకరికి గట్టిపడతాయని ఆయన భయం.

ఈ భయం నిరాధారం కాదు. కానీ ఆయన తీర్పు బషీరాబాద్‌కు సరిపోదని నేను అనుకుంటున్నాను. పిల్లలు గ్రూపులో మాట్లాడేది తప్పనిసరిగా ఇంగ్లీషులోనే ఉండాలి అనుకున్నప్పుడే ఆ భయానికి చోటు. అలా ఎందుకు ఉండాలి? తండా పిల్లలు ఇద్దరు లంబాడీలో ఆలోచించుకోనివ్వండి. కన్నడం ఇంటి పిల్లవాడు తన పక్కవాడికి కన్నడంలో విడమరచనివ్వండి. ఆలోచన తమ భాషలో తేలాక, దాన్ని గ్రూపు తరఫున లేచి తరగతికి తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పాలి. దిద్దడానికి అక్కడ టీచర్ ఉంటారు. తప్పు గట్టిపడే సమయం ఉండదు, ఆలోచన ఆగిపోయే అవసరమూ ఉండదు. ‘ఇంగ్లీష్ మీడియం బడిలో ఇంగ్లీషే మాట్లాడాలి’ అని గ్రూపుల మధ్య తిరుగుతూ అదిలించే అలవాటు ముందు పోవాలి. ఆ అదిలింపుతో ఇంగ్లీషు రాదు. ఉన్న మాట కూడా ఆగిపోతుంది.

ఇక్కడి పిల్లల దగ్గర చెప్పే సంగతులు లేవా? తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది ఈ పిల్లల చేలలోనే పండుతుంది. ఒకరి నాన్న విత్తనం వేసేది ఎప్పుడో, కాయతొలుచు పురుగు పడితే ఏం చేస్తాడో చెప్పగలడు. ఇంకొకరి అమ్మ కూలికి పోయి కోత కోస్తుంది. మూడో పిల్ల మామ తాండూరు మార్కెట్ యార్డులో హమాలీ, నాలుగో పిల్లవాడి అన్న దాల్ మిల్లులో పనిచేస్తాడు. ఈ నలుగుర్నీ ఒక గ్రూపులో వేసి, చేనులోని గింజ కందిపప్పై బస్తాలోకి ఎక్కేదాకా కథ రాయమంటే ఒకరిది లేనిదే మరొకరిది పూర్తి కాదు. జవాబు ఏ గైడులోనూ దొరకదు. నాపరాయి గని నుంచి పాలిష్ యూనిట్ దాకా మరో పాఠం. సికింద్రాబాద్–వాడి లైన్ మీద నవాంద్గి స్టేషన్ నుంచి రైళ్ళ వేళలు ఇంకో పాఠం. ప్రభు వాడిన టైంటేబుల్ మన ఊరి స్టేషన్‌లోనే వేలాడుతోంది.

టెక్నాలజీకి ఇక్కడ నిజమైన పని ఉంది. దానికి గోడంత ప్యానెల్ అక్కర్లేదు, వాయిస్ రికార్డర్ ఉన్న ఒక మామూలు ఫోన్ చాలు. తండాలో తీజ్ పండుగ ఎలా చేస్తారో నాయనమ్మ లంబాడీలో చెబుతుంటే పిల్ల రికార్డు చేసుకొస్తుంది. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి గ్రూపు కూర్చుని దాన్ని తెలుగు లిపిలో రాస్తుంది. ఆ రాతలో ఏ ధ్వనికి ఏ అక్షరం అన్న వాదన వస్తుంది. అంతకు మించిన అక్షరాభ్యాసం లేదు. తర్వాత దాన్ని లంబాడీ రాని పిల్లలకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి. ఆపైన ఇంగ్లీషులో ఆరు వాక్యాలు. అక్కడ టీచర్ ప్రతి వాక్యం దగ్గరా ఆగుతారు. ఒకే రికార్డింగు మీద మూడు భాషలు నడుస్తాయి. వెనక బెంచీలో మౌనంగా కూర్చునే తండా పిల్ల ఆ వారమంతా గదిలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి అవుతుంది. ప్యానెల్ మాట్లాడితే పిల్ల వింటుంది. రికార్డర్ ఉంటే పిల్ల మాట్లాడుతుంది, ఊరు వింటుంది. యంత్రాన్ని పిల్ల వైపు తిప్పినప్పుడే దాన్ని నేను భాషా సాధనం అంటాను.

ఒక ఎదురు ప్రశ్న తప్పక వస్తుంది: ‘తాండూరు ప్రైవేటు బడుల్లో డిజిటల్ బోర్డులు ఉంటే మీకు పర్వాలేదు, పేదపిల్లలకు వచ్చేసరికి నాపరాయి, కందిచేను అంటారా?’ ఈ కోపాన్ని నేను గౌరవిస్తాను. ఇంగ్లీషు కావాలన్న కూలి తల్లి కోరిక న్యాయమైనది, దాన్ని వాయిదా వేయమనే హక్కు ఎవరికీ లేదు. నేను అడుగుతున్నది ఆమెకు నిజంగా ఇంగ్లీషు అందుతోందా అని. బోర్డు ఉంది కాబట్టి ఇంగ్లీషు ఉందని నమ్మించడం ఆమెను మోసం చేయడమే. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసుకోవాల్సిన ప్రాథమిక బడిలో తెర వేసి ఒక తరగతిని కూర్చోబెట్టడం ఎందుకు జరుగుతుందో ఆ ఉపాధ్యాయులను అడగండి. అక్కడ కొరత మనుషులది. ప్రతి తరగతికీ ఒక టీచర్ ఉండాలన్న డిమాండు వెనకే ప్యానెళ్ళ డిమాండు నిలబడాలి. 2024లో 11,062 ఉపాధ్యాయ పోస్టులకు డీఎస్సీ నిర్వహించిన ప్రభుత్వం, సరిహద్దు మండలాల్లో వేసిన టీచర్ బదిలీ మీద నగరం దారి పట్టకుండా అక్కడే ఉండేలా ఏం చేస్తుందో చెప్పాలి. కన్నడం, లంబాడీ తెలిసిన స్థానిక యువతకు ఈ బడుల్లో చోటు ఏదో కూడా చెప్పాలి. ఆ భాషలు వచ్చిన ఒక్క సహాయకురాలు ఒకటో తరగతి గదిలో చేయగల పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

అడగాల్సిన మరో చోటు ఆ 20 మార్కులు. అంతర్గత మూల్యాంకనంలో ‘పిల్లల భాగస్వామ్యం–ప్రతిస్పందనలు’ అన్న అంశం ఇప్పటికే ఉంది. దాన్ని ఇప్పుడు నోటుపుస్తకం చూసి వేస్తున్నాం. దానికి బదులు ప్రతి పిల్లదీ రెండు నిమిషాల మాట రికార్డు చేసి, ఏడాది మొదట్లోది ఒకటి, చివర్లోది ఒకటి పక్కపక్కన విని మార్కు వేయండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ప్యానెల్ ఎన్ని గంటలు నడిచిందో నివేదిక అడగడం ఆపి, ఆ రికార్డింగులు నాలుగు వినండి. మండలంలోని మైల్వార్ నుంచి ఒకటి, జీవన్గి నుంచి ఒకటి, తండా బడుల నుంచి రెండు. జూన్‌లో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయిన గొంతు మార్చికి ఎన్ని వాక్యాలు చెప్పగలుగుతోందో విన్న తర్వాత, వచ్చే ఏడాది డబ్బు ప్యానెళ్ళకు పెట్టాలా మనుషులకు పెట్టాలా అన్నది అదే సమావేశంలో తేల్చండి.